మిలిటరీ యార్డులో నేను గీసిన పుంత

కువైట్ సైన్యం ఖాళీ చేసి వెళ్ళిన స్థలంలో ఏ ముక్క దేనికి పోవాలో తేల్చినవాణ్ణి నేనే. పధ్నాలుగు మంది ఆఫీసర్లు, అందులో ముగ్గురు భుజాల మీద నక్షత్రాలున్నవాళ్ళు, బల్ల చుట్టూ కూర్చుని ఉండగా నక్షా మీద వేలు పెట్టి, "ఇక్కడ గోడ కట్టడానికి వీల్లేదు" అన్నాను. ఒక్కడంటే ఒక్కడు నోరెత్తలేదు.

ఈ సంగతి మా గదిలో అందరికీ చెప్పాను. ఫోనులో అమలాపురం దాకా చెప్పాను. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను గనక కొంచెం సర్దుకోక తప్పదు. పధ్నాలుగు మంది కాదు, నలుగురు. నక్షత్రాలు లేవు. ఒకాయన కునుకు తీస్తున్నాడు. మిగతాది ఎక్కడ సాగదీశానో అక్కడక్కడ నేనే చెబుతాను.

నేను మిర్కాబ్‌లో ఒక ఇంజనీరింగ్ ఆఫీసులో టీ బాయ్‌ని. అరవై రెండేళ్ళ బాయ్‌ని. మా ఆఫీసుకి ఆ మధ్య పెద్ద పని ఒకటి వచ్చింది. మిష్రిఫ్ పక్కన ఇళ్ళ కాలనీ నడుమ సైన్యం వాళ్ళ పాత సామాన్ల యార్డు ఉండేది. తుప్పు పట్టిన నీళ్ళ ట్యాంకర్లు, గుట్టలుగా టైర్లు, చుట్టూ ముళ్ళ కంచె. సైన్యానికి ఇక దాంతో పనిలేదట. అందులో పార్కు ఎంత, కార్లు నిలిపే చోటు ఎంత, ఇళ్ళ స్థలాలు ఎన్ని అని గీసి ఇవ్వమని సర్కారు వాళ్ళు మా ముదీర్‌కి అప్పజెప్పారు. ముదీర్ అంటే మా ఆఫీసు యజమాని.

ఆ యార్డు కంచెలో ఒకచోట ఎవరో రెండు తీగలు ఎప్పుడో వంచేశారు. అక్కడ దూరి, అటు పక్కన ఒరిగిపోయిన గేటులోంచి బయటపడితే పది నిమిషాల నడక. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, డ్రైవర్లు, తోట పనివాళ్ళు ఏళ్ళ తరబడి నడిచి నడిచి ఆ ఇసుకలో తెల్లటి గట్టి బాట తేలింది.

ఆ బాట మీద అందరికంటే ఎక్కువ ఆధారపడింది పనివాళ్ళంతా 'మామా' అని పిలిచే మా ముదీర్ తల్లిగారింట్లో వంట చేసే ఆవిడ. రాయచోటి వైపు మనిషి. ఆవిడ చెల్లెలు యార్డుకి అవతల ఇంకో ఇంట్లో పిల్లల్ని చూసుకుంటుంది. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఇద్దరికీ ఒక గంట తీరిక ఇస్తారు. పోవడానికి పది నిమిషాలు, రావడానికి పది, మిగిలిన నలభై చెల్లెలి పక్కన. అదే రోడ్డు చుట్టూ తిరిగి వెళితే అక్కడికి చేరేసరికే గంట ఖలాస్.

గురువారాలు ఆ ఇంటి దివానియాలో, అంటే మగవాళ్ళ కబుర్ల గదిలో, నలుగురూ చేరినప్పుడు టీ అందించడానికి నన్ను పిలిపిస్తారు. అలా ఆవిడతో పరిచయం. ఒక గురువారం వంటింట్లో ఆవిడకి చెప్పేశాను. నక్షా చూశాను, యార్డు చుట్టూ గోడ వస్తోంది, బయటివాళ్ళు అడ్డంగా నడవకుండా ఉండడానికేనట.

ఆవిడ ఉల్లిపాయలు తరగడం ఆపలేదు. "ఎంత ఎత్తన్నా గోడ?"

"నీకంటే ఎత్తు."

"అయితే నా చెల్లెలు ఇండియాలో ఉన్నెట్టే ఇంగ నాకు. ఈ ఇంటి మిద్దెక్కితే ఆ ఇంటి నీళ్ళట్యాంకు కనబడతాది. అంత దగ్గరుండి ఫోన్లో మాట్లాడుకోవల్నా?"

"ఏం చేస్తాం చెల్లెమ్మా, పెద్దవాళ్ళు గీసేశారు."

"మరి ఆ ఆఫీసులో నువ్వేం జేస్తాండావ్? టీ పోసేదానికేనా మీసాలు పెంచింది?"

నా మీసాల జోలికి కువైట్‌లో అంతకుముందు ఎవరూ రాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాయాలనుంది కానీ బాగానే పట్టింది. పొద్దున లేచి అద్దంలో మీసాలు దువ్వుకుంటుంటే మాత్రం ఆవిడ మాటే గుర్తొచ్చింది.

మా గోదావరి వైపు పొలాల మధ్య మనుషులూ పశువులూ బళ్ళూ నడిచే ఉమ్మడి దారిని పుంత అంటారు. దానికి యజమాని ఉండడు. ఎంతటి మోతుబరి అయినా దాని మీద గోడ పెట్టలేడు, ఊరంతా వచ్చి పీకేస్తుంది. నేను పుట్టి పెరిగిన న్యాయం అది. కొంచెం కొంచెం కలుపుకునేవాళ్ళు ఉంటారనుకోండి. మా నాన్నే ఏడాదికి జానెడు చొప్పున పుంతని మా చేలోకి జరిపాడు. కానీ మూసెయ్యలేదు. జరపడం వేరు, మూసెయ్యడం వేరు.

ఆదివారం మధ్యాహ్నం మా ఈజిప్టు ఇంజనీరు నమాజుకి వెళ్ళాడు. నక్షా బల్ల మీద పరిచి ఉంది. అతని పెన్సిలే తీసి, అతని స్కేలే పెట్టి, వంగిన తీగల దగ్గర్నుంచి ఒరిగిన గేటు దాకా రెండు గీతలు గీశాను. మధ్యలో తెలుగులో 'పుంత' అని రాశాను. మన హక్కు మన అక్షరాల్లో ఉండాలని అలా రాశానని గదిలో చెప్పాను. అసలు సంగతి, నాకు అరబ్బీ రాయడం రాదు.

గంట తర్వాత సర్కారు వాళ్ళు ఇద్దరు వచ్చారు. ముదీర్, ఇంజనీరు, వాళ్ళిద్దరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. నేను టీ ట్రేతో లోపలికి వెళ్ళేసరికి ఇంజనీరు నక్షాకి ముక్కు ఆనించి చూస్తున్నాడు.

"ఇది ఎవరు గీశారు?"

"నేనే" అన్నాను, నాకొచ్చిన హిందీ అరబ్బీ కలిపి.

"నువ్వెవరు గీయడానికి?"

"రోజూ నడిచేవాళ్ళని మీరు గీయడం మర్చిపోయారు. అందుకని నేను గీశాను."

ముదీర్ కళ్ళజోడు తీశాడు. "అది సైన్యం స్థలం. అందులో అడుగుపెట్టడమే తప్పు. తప్పుగా నడిచినవాళ్ళకి ఇప్పుడు దారి వెయ్యమంటావా?"

"తప్పయితే సైన్యం ఆపేది కదా బాబా? కాపలా సైనికుడు రోజూ చూశాడు. మా వంటావిడ సమోసాలు పట్టుకెళితే తిన్నాడు కూడా. తిన్నాక అనుమతి ఇచ్చినట్టే."

సర్కారు వాళ్ళలో ఒకాయన పక్కున నవ్వాడు. ఆ నవ్వుకి రెండో ఆయన మెలకువలోకి వచ్చాడు.

"మా ఊళ్ళో దీన్ని ఎవరూ ముయ్యలేరు" అన్నాను, గీత మీద వేలు పెట్టి.

"ఇది మీ ఊరు కాదు."

"కాళ్ళు ఎక్కడైనా కాళ్ళే బాబా."

"ఖలాస్. టీ పెట్టి వెళ్ళు."

టీ పెట్టాను. అప్పుడు నిటారుగా నిలబడి, "నా ఇఖామా మీ చేతుల్లోనే ఉంది, రద్దు చేసుకోండి, పుంత పుంతే!" అన్నాను. ఇది మాత్రం వంటగదిలోకి వచ్చాక, తెలుగులో, మరుగుతున్న కెటిల్‌తో అన్నాను. కానీ గట్టిగానే అన్నాను. కాళ్ళ మాట ముదీర్ ముఖం మీదే అన్నాను, దానికి సాక్షులున్నారు.

ఉద్యోగం పోలేదు, ఇక్కడ ఉండనిచ్చే ఆ ఇఖామా కాగితమూ పోలేదు. క్షమించమని అడుగుతానని ఇంజనీరు రెండు రోజులు ఎదురుచూశాడు. అతని కప్పు కడిగి అతని ముందు పెట్టాను తప్ప ఆ మాట నా నోట రాలేదు.

నెలన్నర గడిచాక ఆఖరి నక్షా అచ్చయి వచ్చింది. గోడ ఉంది. గోడకి రెండు చోట్ల తలుపుల్లేని ద్వారాలున్నాయి. ఒకటి వంగిన తీగల దగ్గర, ఇంకొకటి ఒరిగిన గేటు దగ్గర. రెంటినీ కలుపుతూ దీపాల స్తంభాలతో, బెంచీలతో బాట! నా గీత మీదే! ఫోనులో ఫొటో తీశాను. గదిలో వాళ్ళని లేపి చూపించాను. ఆ రోజే నలుగురు ఆఫీసర్లు పధ్నాలుగు మంది అయ్యారు.

గురువారం లడ్డూల డబ్బా పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. "మీసాలు ఎందుకు పెంచానో ఇప్పుడు చూడు చెల్లెమ్మా" అని ఫోను ఆవిడ ముందు పెట్టాను. జరిగింది మొదట్నుంచీ చెప్పాను, నక్షత్రాలతో సహా. ఆవిడ ఒక లడ్డూ పూర్తిగా తినేదాకా విన్నది. తర్వాత చెయ్యి కడుక్కుంది.

"ఐపోయిందా అన్నా? ఇంగ నేను చెప్పేది ఇను. నీ గీతను ఆ ఇంజనీరు ఆ పొద్దే రబ్బరుతో తుడిపేసినాడు. ముదీరే ఇంట్లో అన్నం తింటా చెప్పి నగినాడు. మామాను డాక్టరు నడవమన్యాడు గదా, నేను వారం దినాలు మామా చెయ్యి పట్టుకొని ఆ కంచెలో దూర్పిచ్చి నా చెల్లెలుండే ఇంటిదాకా నడిపిచ్చినా. ఆ ఇంటామె, మామా ఇప్పుడు దినామూ కూసోని ఖహ్వా తాగుతారు. గోడ కడితే నేను యాడ నడవల్ల అని కొడుకును నిలదీసింది మామా. నువ్వా పొద్దు టీ పోసినావ్, అంతే. అది గూడా చల్లారిపోయినాదని ముదీర్ అన్యాడు."