కోతి చేతిలో అమ్మమ్మ గొంతు

నా చిన్నప్పుడు మేము అభాలో ఉండేవాళ్ళం. సౌదీ అంటే ఎడారే అనుకునేవాళ్ళు నమ్మరు గానీ, అది కొండమీది ఊరు, పొగమంచు ఊరు, కోతుల ఊరు. మాకెవరికీ ఇకామా అనే నివాస అనుమతి కార్డు లేనిదే గడప దాటే వీలుండేది కాదు. ఏ కాగితమూ లేకుండా దర్జాగా తిరిగేవి ఆ కుక్కమూతి కోతులే.

ఆ ఏడు కడపలో మా అమ్మమ్మ పోయింది. నాన్నగారి కఫీల్, అంటే ఆయనకు పూచీగా ఉన్న సౌదీ యజమాని, ఎక్కడో ప్రయాణంలో ఉన్నాడు. ఆ యజమాని సంతకం లేక, దేశం దాటి తిరిగి రావడానికి కావలసిన ఎగ్జిట్ రీఎంట్రీ వీసా పడలేదు, అమ్మకు చివరిచూపు దక్కలేదు. మిగిలింది ఒక్క క్యాసెట్. అప్పట్లో కబుర్లన్నీ క్యాసెట్‌లో నింపి, వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపుకునేవాళ్ళం. విన్నాక దానిమీదే జవాబు నింపి తిప్పి పంపాలి. చివరిసారి అమ్మమ్మ నాకోసం జోలపాట పాడి పంపింది. దాన్ని చెరిపి జవాబు నింపడానికి అమ్మకు మనసొప్పలేదు. రోజూ వినేది, ఏడ్చేది. నాతో మాటలే తగ్గిపోయాయి.

అమ్మ మనసు కాస్త మళ్ళుతుందని ఒక శుక్రవారం నాన్నగారు మమ్మల్ని ఆఫీసు డ్రైవరుతో కొండమీదికి పంపారు. ఆ డ్రైవరు మా కడప సాయిబు, అమ్మకు అన్న వరస, నాకు మామ. కారులో విందామని ఆ క్యాసెట్‌ను నేనే ఎవరికీ చెప్పకుండా రొట్టెల సంచిలో వేసుకొచ్చాను. అంతటితో ఆగానా? వద్దన్నా వినకుండా కిటికీ దించి కోతికో రొట్టెముక్క చూపించాను. అది ఏకంగా సంచే లాక్కుపోయింది. అందులో అమ్మమ్మ క్యాసెట్ ఉందని నేను ఏడుపు అందుకోగానే అమ్మ కారు దిగి లోయ అంచు వైపు పరుగెత్తింది. అంత భయం నేను మళ్ళీ ఎన్నడూ పడలేదు.

మామ వెళ్ళి అడ్డం నిలబడ్డాడు. "తరమాకమ్మా! నువ్వు తరిమితే అదేందో మంచి వస్తువనుకోని ఇంకా గట్టిగా పట్టుకుంటాది. ఈపు తిప్పి కూచుందాం రా."

ముగ్గురం వీపు తిప్పి కూర్చుని నారింజలు ఒలిచాం. నేను ఓరకంట చూస్తూనే ఉన్నాను. రొట్టెలన్నీ అయ్యాక కోతి క్యాసెట్‌ను వాసన చూసి, టేపు కాస్త బయటికి పీకి, రుచి లేదనుకుందేమో, విసిరేసి పోయింది.

నలిగిన ముక్క కత్తిరించి, అతికించి, పెన్సిలుతో చుట్టి ఇచ్చాడు మామ. పాటలో ఒక్క చరణం పోయింది. ఆ సాయంత్రం ఇంట్లో వింటుంటే, పాట అక్కడికి రాగానే అమ్మ టేపు ఆపి, పోయిన చరణం తను పాడి, మళ్ళీ మీట నొక్కింది. అమ్మమ్మ పోయాక అమ్మ పాడటం అదే మొదలు.

ఇప్పుడు నా చెంపలూ నెరుస్తున్నాయి. చేయిజారినదాని వెనక పరుగెత్తాలనిపిస్తే, ముందు వీపు తిప్పి కాసేపు కూర్చుంటాను. అన్నీ తిరిగి రావు. నా కూతురికి ఆ జోలపాట పాడేటప్పుడు మాత్రం, ఆ ఒక్క చరణం నాకు మా అమ్మ గొంతులోనే వినిపిస్తుంది.