ఎడమకు లాగే బండితో మధురానగర్ నుంచి లక్డీకాపూల్ దాకా

అనంతగిరి కొండలకు కారులో వెళ్లాలనుకునేవాళ్ల కోసం నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాను. తీరా చూస్తే చెప్పుకోదగ్గ ప్రయాణమంతా అంతకు ముందురోజు శనివారం, మా ఇంటి చుట్టుపక్కలే జరిగిపోయింది. మధురానగర్ నుంచి అమీర్‌పేట, పంజాగుట్ట మీదుగా లక్డీకాపూల్ వెళ్లి రావడం, అంతే. మెట్రోలో అయితే మధురానగర్‌లో ఎక్కి, అమీర్‌పేటలో లైను మారి, అరగంటలో లక్డీకాపూల్‌లో దిగిపోవచ్చు. మాకు పొద్దున టిఫిన్ వేళ నుంచి మధ్యాహ్నం భోజనాల వేళ దాకా పట్టింది. కొత్త టైర్లు వేయించుకుని కూడా సుఖపడనివాళ్లు, బండి ఓ పక్కకు లాగుతుంటే ఇంట్లో మాటలు పడుతున్నవాళ్లు తీరిగ్గా చదవండి.

నేను యాభై దాటాక డ్రైవింగ్ నేర్చుకున్నాను. అమీర్‌పేటలో నేర్పని విద్య లేదు కదా! కంప్యూటర్ కోర్సుల బోర్డుల మధ్య ఒక డ్రైవింగ్ స్కూలు బోర్డు కనిపిస్తే, ఆ పిల్లల్లో పిల్లనై వెళ్లి చేరిపోయాను. లైసెన్సూ వచ్చింది. మా పెళ్లయినప్పటి నుంచి ఏ ఊరెళ్లినా స్టీరింగ్ మావారిది, ఎడమ సీటు నాది. బయల్దేరే టైము ఆయనిష్టం, దారి ఆయనిష్టం, ఎక్కడ ఆగి కాఫీ తాగాలో కూడా ఆయనిష్టమే. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నేనే నడుపుతూ నాకు నచ్చిన చోటల్లా ఆపుకుంటూ ఏదో ఒక ఊరెళ్లాలని నా ఆశ. గొంతెమ్మ కోరికేం కాదు, అనంతగిరి దాకా చాలు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, రెండు నెలల కిందట మావారు ప్రకాశరావుగారు బండికి కొత్త టైర్లు వేయించారు. పాతవి అరిగిపోయాయి, వానలు ముంచుకొస్తున్నాయి, నాలుగూ మార్చేశానని గొప్పగా చెప్పారు. ఆ రోజు నుంచి బండి ఎడమకు లాగడం మొదలుపెట్టింది. కిందనుంచి ఒకటే రొద. టైర్లు బాగాలేవేమోనండీ అంటే, ఖరీదు పెట్టి కొన్నవాటికి వంకలు పెడతావా అని నా మీదే లేచేవారు. ఆయన చేతిలో బండి లాగితే తప్పు రోడ్డుది, నా చేతిలో లాగితే తప్పు నాది. చివరికి ఒక షరతు పెట్టారు. శనివారం లక్డీకాపూల్ దాకా వెళ్లి రావాలి, ఆయన పక్కన కూర్చుంటారు. బండి తిన్నగా వెళ్తే ఆదివారం అనంతగిరికి నేనే నడుపుతాను. వంకర పోయిందంటే డ్రైవర్ని మాట్లాడతారు, నేను ఇక స్టీరింగ్ ముట్టుకోనక్కర్లేదు.

పొద్దున్న ఎనిమిదిన్నరకు బయల్దేరాం. మా కాలనీలో హాస్టళ్లు ఎక్కువ కాబట్టి టిఫిన్ బళ్లకు కొదవలేదు. వీధి చివర బండి దగ్గర ఇద్దరం ఇడ్లీ తిన్నాం. వందలోపే అయింది, అల్లం చట్నీ అడిగితే మళ్లీ మళ్లీ వేస్తారు. నేను డ్రైవర్ సీట్లోంచి దిగడం చూసి ఇడ్లీలామె కళ్లు పెద్దవి చేసింది.

"ఏం మేడమ్, ఇయ్యాల మీరే నడుపుతున్నరా? సారు పక్కకు కూసున్నడు!"

"ఎంత దూరం నడుపుతుందో చూద్దాం" అన్నారు మావారు, చెయ్యి కడుక్కుంటూ.

"మంచిగ నడుపుతది తియ్యి సార్. జర నిమ్మళంగ కూసోండ్రి" అందామె. ఆ పూట నన్ను సమర్థించిన మొదటి మనిషి ఆవిడే.

అమీర్‌పేట రోడ్డెక్కేసరికి ఆటోలు, బస్సులు, సిగ్నల్ దగ్గర అద్దంలోంచి కరపత్రాలు తోసేవాళ్లు. రద్దీకి నేను భయపడలేదు. భయమంతా ఆ ఎడమ లాగుడుతోనే. స్టీరింగ్ కాస్త వదులు చేస్తే చాలు, బండి మెట్రో స్తంభాలు వదిలేసి ఫుట్‌పాత్ వైపు పోతానంటుంది. గట్టిగా బిగించి పట్టుకుంటే భుజాలు పీకేస్తున్నాయి.

"ఏంటా లాగుడు? అటెక్కడికి?" అన్నారు మావారు.

"నేను లాగట్లేదండీ, అదే లాగుతోంది."

"దానికేమైనా అటువైపు చుట్టాలున్నారా? స్టీరింగ్ నీ చేతిలోనే ఉంది కదా పద్మా!"

నాకు ఏడుపొక్కటే తక్కువ. నిజంగా నాకే చేతకాదేమో, ఈ వయసులో ఇదంతా నాకెందుకు అనిపించింది కూడా. అనంతగిరి అక్కడే చేజారిపోతున్నట్టు ఉంది. అయినా పళ్లు బిగబట్టి పంజాగుట్ట దాకా తెచ్చాను.

చౌరస్తా ఇంకా రాకముందే ముందు నుంచి తపతపమని చప్పుడు. పక్కనే వస్తున్న క్యాబ్ డ్రైవర్ హారన్ కొట్టి అద్దం దించాడు. "అక్కా, ముందట లెఫ్ట్ టైరు పోయింది! జర పక్కకు ఆపుకో!" అని అరిచి, తను కూడా మా ముందు ఆపాడు. పేరు మల్లేశ్. సిరిసిల్ల నుంచి వచ్చి ఇక్కడ క్యాబ్ నడుపుకుంటున్నాడట. ఎయిర్‌పోర్ట్ నుంచి ఒకరిని ఆసుపత్రి దగ్గర దింపి ఖాళీగా వస్తున్నాడు.

మావారు దిగీ దిగకముందే మొదలుపెట్టారు. "చూశావా? ఎక్కడో గీకి ఉంటావు. కొత్త టైరు!"

నేను వెళ్లి డిక్కీ తెరిచాను. గొడుగులు, నీళ్ల క్యాన్లు, ఎప్పటివో పాత చీరల సంచి, అన్నీ తీసి రోడ్డు పక్కన పెట్టాను. అడుగున పరిచిన మందపాటి అట్ట ఎత్తి చూద్దును కదా, అక్కడ స్టెప్నీ నిగనిగలాడుతోంది. కొన్నప్పటి కాగితం లేబుల్ అలాగే అంటుకుని ఉంది. పైగా పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి ఉంది. పెళ్లికూతురు కూడా అంత పదిలంగా ఉండదు.

"ఏమండీ, నాలుగే కదా కొన్నది. ఇది ఐదోదా?"

ఆయన ఫ్లైఓవర్ వైపు చూస్తున్నారు. నేను ముందుకెళ్లి గాలిపోయిన టైరు చూశాను. మిగతా మూడింటికీ గీతలు లోతుగా ఉన్నాయి, దీనికి పేరుకే ఉన్నాయి. ఇది మా పాత టైరే! అంటే మూడు కొత్తవి చక్రాలకు ఎక్కించి, నాలుగోది డిక్కీలో దాచి, అరిగిపోయినదాన్ని ముందు ఎడమకు బిగించారన్నమాట.

"స్టెప్నీ మంచిది ఉండాలే. ఆపదలో ఆదుకునేది అదే కదా" అన్నారు మెల్లగా. "పాతది కూడా బాగానే ఉంది, ఇంకో రెండేళ్లొస్తుందనుకున్నాను."

ఆ మాటకు నాకు ఆశ్చర్యమేం వేయలేదు. కొత్త దుప్పట్లు బీరువాలో పెట్టి చిరుగుల దుప్పట్లు కప్పుకునే ఇల్లు మాది. మంచి కప్పులు చుట్టాలకు, చెవి విరిగినవి మాకు. కానీ టైరును కూడా అలా దాస్తారని నాకు తట్టలేదు.

మల్లేశ్ జాకీ పెట్టి నట్లు విప్పుతూ పకపకా నవ్వాడు. "ఫికర్ జెయ్యకక్కా, టైర్ల కత నన్నడుగు. సస్తల, తక్కువ రేటుకు వస్తున్నయని నాలుగు ఏయించిన. సౌండ్ ఎట్లుంటదంటే, ఒకామె ఎక్కి, 'తమ్మీ, నీ బండిల పిండిగిర్ని ఉన్నదా' అని అడిగింది. వానపడితే మస్తు జారుతయ్. బ్రేక్ ఏస్తే దేవుడే ఆపాలె." చెబుతూనే బొట్టు పెట్టిన టైరు ఎక్కించేశాడు. డబ్బులిస్తే వద్దన్నాడు. పక్కనే చాయ్ తాగించాను, పదిహేను రూపాయలు, పంజాగుట్టలో అంత మంచి చాయ్ తాగి చాలా రోజులైంది.

లక్డీకాపూల్ సంగతి తర్వాత, ముందు పంక్చర్ వేయించుకోమన్నాడు మల్లేశ్. సరేనని బండి వెనక్కి తిప్పి అమీర్‌పేట వైపు బయల్దేరాను. రెండు సిగ్నళ్లు దాటేదాకా ఏం తేడా వచ్చిందో నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, నా భుజాలు నొప్పి పుట్టడం లేదు. స్టీరింగ్ మీద రెండు వేళ్లు ఆనించి చూశాను. బండి ఎటూ పోలేదు, తన దారిన తాను తిన్నగా పోతోంది. సంతోషంతో గట్టిగా అరవాలనిపించింది, ట్రాఫిక్ పోలీసు ఉన్నాడని ఊరుకున్నాను.

"రోడ్డు బాగుపడ్డట్టుందండీ" అన్నాను.

"ముందు చూసి నడుపు" అన్నారాయన.

టైర్లు కొన్న షాపు అమీర్‌పేటలో మెయిన్ రోడ్డు వెనక సందులో ఉంది. యాదన్న అని, ఆయనదే షాపు. శనివారం పదకొండు దాటితే బెంచీ మీద చోటు దొరకదు, మీరు వెళ్తే కాస్త ముందే వెళ్లండి. పంక్చర్‌కు నూటయాభై, చక్రాలు సరిచూడటానికి ఆరువందలు తీసుకున్నారు. బెంచీ మీద భీమవరం వైపు పెద్దాయన ఒకరు తన టైరు చూపించి అందరికీ గోడు వెళ్లబోసుకుంటున్నారు. "ఆరు నెల్లు కాలేదండీ, పక్కన చూడండి, పూరీలాగా పొంగింది. వారంటీ ఉంది కదా అని తీసుకెళ్తే, గోతిలో పడేశారు మా తప్పు కాదన్నారు. హైదరాబాద్‌లో గోతిలో పడకుండా ఎలా వెళ్తారో ఆ చూపించేదేదో చూపించమనండి!" బెంచీ మొత్తం ఔనంది. ఆయన నా వైపు తిరిగి, "మీదేంటమ్మా బాధ?" అని అడిగారు.

"మాకు టైర్లు బాగానే ఉన్నాయండీ. ఒకటి డిక్కీలో ఉండిపోయింది" అన్నాను.

యాదన్న మా పాత టైరు నీళ్లలో ముంచి చూస్తూ తల ఎత్తాడు. "నేను ఆనాడే చెప్పిన మేడమ్, నాలుగు కొన్నరు, నాలుగు ఎక్కించుకోండ్రి, బండి లాగుతది అని. సారు ఇనలే. 'మా ఇంటామె కొత్తగ నేర్సుకున్నది, ఆపినప్పుడల్ల ఫుట్‌పాత్‌కు గీకుతది, గా సైడు పాతదే ఉండనీ' అన్నడు."

బెంచీ అంతా మావారి వైపు తిరిగింది. మావారు గోడకున్న క్యాలెండర్‌ను శ్రద్ధగా చదవడం మొదలుపెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. రెండు నెలలు! రెండు నెలలుగా నా చెయ్యి వంకర, నా చూపు వంకర అని నన్ను నేనే తిట్టుకున్నాను.

"అంటే, నేను గీకుతానని పాత టైరు పెట్టారు. పాత టైరు పెట్టారు కాబట్టి బండి లాగింది. బండి లాగింది కాబట్టి నాకు నడపడం రాదన్నారు. అంతేనా?"

ఆయన క్యాలెండర్ వదిలి ఇటు తిరిగారు. "నువ్వు చెప్తుంటే అంతేలా ఉంది" అన్నారు.

భీమవరం పెద్దాయన ముందుగా నవ్వారు. "ఏమండీ సార్, ఇంట్లో మీ వారంటీ కూడా ఐపోయినట్టేనండోయ్!" ఆ తర్వాత యాదన్న, ఆ తర్వాత నేను. కోపం ఉండగానే నవ్వొచ్చేసింది, ఏం చేయను. మావారు మాత్రం నవ్వకుండా నా దగ్గరికొచ్చి, అందరి ముందే, "తప్పు నాదే పద్మా. తెలియక కాదు, నీ మీద నమ్మకం లేక చేశాను" అన్నారు. ఆ మనిషి నోట అలాంటి మాట నేను ఇంతవరకూ వినలేదు. నేను యాదన్నను బిల్లు అడిగి బయటికొచ్చేశాను.

అక్కణ్నుంచి లక్డీకాపూల్ దాకా బండి హాయిగా వెళ్లింది. ఆ రోజు రెండో శనివారం, ఆఫీసులకు సెలవు కాబట్టి అటు రద్దీ కాస్త తక్కువే. ఒక హోటల్ చూసి నాకు నచ్చింది కాబట్టి ఆపాను, ఫిల్టర్ కాఫీ తాగాం, తిరిగొచ్చాం. పరీక్ష నెగ్గానన్న ధీమాతో మా గేటు ముందు బండి పెడుతూ కాస్త ఎక్కువ తిప్పాను. కర్రుమంది. ముందు ఎడమ టైరు, ఆ బొట్టు పెట్టిన కొత్త టైరే, ఫుట్‌పాత్‌కు జానెడు పొడవున గీసుకుపోయింది.

ఇద్దరం దిగి చూశాం. నా ప్రాణం ఉసూరుమంది. మావారు వంగి, ఆ గీత మీద వేలితో తుడిచి, నిటారుగా నిలబడ్డారు. ఇక మొదలు, డ్రైవర్‌కు ఫోన్ చేస్తారనుకున్నాను.

"పర్లేదులే, వాడటానికే కదా కొన్నది" అన్నారు. తాళాలు నా చేతిలోనే ఉన్నాయి, అడగలేదు. "రేపు ఎన్నింటికి బయల్దేరదామంటావు?"

ఆ ఒక్క ప్రశ్న కోసం నేను ఎన్నేళ్లు ఎదురుచూశానో ఆయనకు తెలియదు. ఆరింటికన్నాను.

యాదన్న బెంచీ మీద విన్న కథలన్నీ గుర్తు చేసుకుంటే ఒకటే అనిపిస్తుంది. టైర్లు మనల్ని నిరాశపరచడం ఉన్నదే. చప్పుడు చేస్తాయి, జారతాయి, పొంగుతాయి, వారంటీ కాగితం పెట్టెలోంచి బయటికి తీసేసరికి అది పనికిరాకుండా పోతుంది. వాటి సంగతి యాదన్న చూసుకుంటాడు. పక్క మనిషి మీద అనుమానం పెట్టుకుని మనం చేసే జాగ్రత్తలను బాగుచేసే షాపు మాత్రం అమీర్‌పేటలో కూడా లేదు. కాబట్టి మీకు నేనిచ్చే సలహా ఒక్కటే. టైర్లు మార్పించిన రోజు షాపులోంచి కదలకముందే నాలుగు చక్రాలూ చుట్టూ తిరిగి చూసుకోండి, డిక్కీ కూడా తెరిచి చూడండి. ఇక అనంతగిరి దారంటారా, చక్కగా ఉంది, చెట్లు, మలుపులు, చల్లగాలి. వాటి గురించి మావారిని అడగకండి, వికారాబాద్ ఇంకా రాకముందే ఆయన నా పక్క సీట్లో గుర్రుపెట్టి నిద్రపోయారు.