మంగు

నూజివీడు మామిడి షెడ్డులో సలోమి పని కాయలు ఏరడం. గోనెపట్టా మీద కాళ్లు మడుచుకుని కూర్చుని ఒక్కో కాయనీ అరచేతిలో తిప్పుతుంది. తొక్క మీద గరుకు తగిలిందంటే అది మంగు కాయ. చూడకుండానే జ్యూసు ఫ్యాక్టరీకి పోయే పక్క కుప్పలోకి తోసేస్తుంది. లోపల తీపికి తేడా ఉండదు, ఇంటికి తెచ్చుకు తినేవి అవే. అయినా ఢిల్లీ లారీకి నున్నటి కాయే ఎక్కాలి. సలోమి బుగ్గల మీదా మంగే. ఎవరైనా ఆ మాటెత్తితే, "నన్నూ జ్యూసుకి పంపించేయండి" అని తనే ముందు నవ్వేస్తుంది.

ఆదివారం చర్చి నుంచి రాగానే కూతురు బ్లెస్సీ ఫోనులో తల్లిని ఫొటో తీసింది. ఏడో తరగతి పిల్ల. ఖాళీ దొరికితే రీల్సులో అమ్మాయిల ముఖాలే చూస్తుంది. ఏదో నొక్కి ఫోను చూపించింది. తెల్లగా, కోలగా, మచ్చలేని ముఖం.

"ఎవరే ఈవిడ?" అంది సలోమి.

"నువ్వేనమ్మా. ఎంత బాగున్నావో చూడు. స్టేటస్ కూడా పెట్టేశా."

సలోమి ఎప్పటిలా నవ్వబోయింది. ఈలోగా బ్లెస్సీ అద్దం ముందు నిలబడి, తన బుగ్గలు తడుముకుంటూ అడిగింది.

"అమ్మా, నాకూ వస్తుందా మంగు?"

లోపల తీపికి తేడా ఉండదన్న మాట సలోమి నోటిదాకా వచ్చింది. అంతలో, పొద్దస్తమానం కాయలు తడిమి తోసేసే తన చేతుల పని గుర్తొచ్చింది. కూతురి చెంప నిమరబోయిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.