గంప దించే బండ

మా సంఘంలో కోతపండుగ రోజున ఎవరి తొలిపంట వాళ్ళు మందిరానికి తెస్తారు. చోళ్ళు, సామలు, పసుపు కొమ్ములు, గుమ్మడికాయలు, ఎర్రగా పండిన కాఫీ పళ్ళు. కిందటేడు నా బుట్టలో గుప్పెడు కాఫీ పళ్ళు, వాటి మీద ఒక ఫోను ఉన్నాయి. ఆ ఫోనులో నేను మూడేళ్ళుగా తయారు చేస్తున్న వీడియో గేమ్ ఉంది.

పొగరుతో తెచ్చానని అనుకున్నవాళ్ళు ఉన్నారు. నిజానికి భయంతో తెచ్చాను.

దానికి రెండు వారాల ముందు పాస్టరుగారు ఆరాధన అయ్యాక నన్ను ఆగమన్నారు. "టీచరమ్మా, మీరు పిల్లలకి వాక్యం చెప్పే మనిషి. అదే చేత్తో గేములు చేయడమేంటి? తల్లులు నన్ను అడుగుతున్నారు. కోతపండుగ లోపు ఆలోచించుకోండి. సండే స్కూలో, ఈ గేమో, ఏదో ఒకటే" అన్నారు. ఆయన కోపంగా అనలేదు. కింద మైదానం నుంచి వచ్చి మా చలిలో, మా వానల్లో పదేళ్ళుగా ఉంటున్న మనిషి. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్న వారం రోజులూ బయట బెంచీ మీదే కూర్చుని ప్రార్థన చేశారు. అలాంటి మనిషి మాటను తోసెయ్యలేను. అలాగని గేమ్‌ను వదలనూ లేను.

ఆటల పిచ్చి నాకు చిన్నప్పుడే పట్టింది. మా ఊరు సాలూరు పైన కొండల్లో. ఏడేళ్ళ వయసులో అమ్మతో చింతపండు అమ్మడానికి జీపులో సాలూరు దిగాను. అమ్మ బేరంలో ఉంటే నేను పక్కనున్న రిపేరు షాపులో టీవీ ముందు నిలబడిపోయాను. తెర మీద ఒక చిన్న బొమ్మ ఇటుకల మీద గెంతుతూ కుడివైపుకు పోతోంది. గోతిలో పడి చచ్చిపోయింది. నాకు ఏడుపొచ్చింది. అంతలో మళ్ళీ మొదటి నుంచి లేచి నడిచింది. చచ్చినవాళ్ళు లేవడం గురించి నేను మందిరంలో వినడమే గానీ కళ్ళతో చూసింది ఆ రోజే. అమ్మ వచ్చి చెవి మెలేసి జీపెక్కించింది. దారంతా నా వేళ్ళు ఒళ్ళో గెంతుతూనే ఉన్నాయి.

తర్వాత హాస్టల్లో వార్డెనమ్మ బటన్ ఫోనులో పాము ఆట. ఆదివారం పది నిమిషాలు ఇచ్చేది. తిన్నకొద్దీ పాము పొడుగవుతుంది, చివరికి తన ఒంటికే గుద్దుకుని చస్తుంది. గర్వం గురించి నేను విన్న ప్రసంగాలన్నిటికంటే ఆ పామే నాకు బాగా అర్థమైంది. పెళ్ళయి అరకు వైపు వచ్చాక, టచ్ ఫోనులో పట్టాల మీద పరిగెత్తే ఆట. దానికి ముగింపు లేదు. గుద్దుకునేదాకా పరిగెత్తడమే. ఆ తర్వాత పొలం ఆట. అందులో నేను టమాటాలు పండిస్తుంటే మా ఆయన తోటలోంచి వచ్చి చూసి, "మన తోటలో కలుపు మోకాలి దాకా ఉన్నాది. నువ్విక్కడ ఎవలి పొలంలో కలుపు తీత్తన్నావే?" అన్నాడు.

"ఇక్కడ జెలగలు పట్టవు మరి" అన్నాను.

ఆడేవాళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు తోస్తుంది, దీన్ని నేనైతే ఇలా చేసేదాన్ని కాదు అని. నాకు ముందు నుంచీ తోచేది. చిన్నప్పుడు పుట్టింటి ఊళ్ళో రాతి మీద చెక్కిన పులి మేక ఆటలో నాలుగో పులిని పెట్టి, ఆట పాడు చేశానని అక్క చేత తిట్లు తిన్నాను. నాలుగేళ్ళ కిందట ఫోనులోనే గేములు తయారు చేసే యాప్ ఒకటి దొరికింది. ఇక్కడ అత్తవారి ఊళ్ళో సిగ్నల్ నిలవదు. బొర్రా రోడ్డు మలుపు దగ్గర నిలుస్తుంది. కాఫీ పళ్ళు గుజ్జు తీసే పని అయ్యాక ఆ మలుపులో గట్టు మీద కూర్చుని పాఠాలు చూసి నేర్చుకున్నాను. కింద రైలు సొరంగంలోకి దూరి మళ్ళీ బయటకు వచ్చేలోపు ఒక పాఠం సగం అయ్యేది. బైబిల్లో తన గుడారానికి తెరలు అల్లమని పనివాళ్ళ చేతులకు నేర్పు ఇచ్చిన దేవుడు, నా చేతులకు ఈ నేర్పు ఊరికే ఇచ్చి ఉంటాడా అనుకునేదాన్ని. యజమాని ఇచ్చిన డబ్బును పాతిపెట్టిన ఆ కథలోని పనివాడిలా నేనూ దీన్ని నేలలో పాతిపెడితే ఆయన లెక్క అడగడా?

నేను చేసిన గేమ్ పేరు సంత దారి. ఒకామె తల మీద గంపతో కొండ దిగి సంతకు వెళ్తుంది. ఫోనును అటూ ఇటూ వంచుతూ గంపను నిలపాలి. రాళ్ళుంటాయి, జారుడు ఉంటుంది, గెడ్డ అనే కొండవాగు దాటాలి, అవతల పెద్ద ఎక్కు ఎక్కాలి. గంప పడితే మళ్ళీ మొదటి నుంచి.

ఇక మా ఆచారం సంగతి. కొండల్లో కొత్త పంటను పెద్దలు రుచి చూడందే ఎవరూ నోట పెట్టరు. తాతల కాలంలో అది గ్రామదేవత ముందు జరిగేది. ప్రభువును నమ్ముకున్నాక కూడా ఆ మర్యాద మాతోనే వచ్చింది. కోతపండుగ ప్రార్థన అవగానే సంఘంలో అందరికంటే పెద్దావిడ, మేమందరం మామ్మ అని పిలిచే ఆమె, ప్రతి బుట్టలోంచి కొంచెం తీసి రుచి చూస్తుంది. బాగుందంటే ఆ ఇంటివాళ్ళు ఇక తినొచ్చు. పండలేదంటే ఆ బుట్ట ఇంటికి పోతుంది, పండాక మళ్ళీ తేవాలి. ఆ మాటకు పాస్టరుగారు కూడా ఎదురు చెప్పరు.

అందుకే ఫోను బుట్టలో పెట్టాను. మామ్మ పక్కకు నెట్టేస్తే ఆ సాయంత్రమే గేమ్ తుడిచేస్తాను, పిల్లల దగ్గరే ఉండిపోతాను అని దేవుడికి మాట ఇచ్చాను.

మామ్మ కాఫీ పండు ఒకటి చప్పరించి, ఫోను ఎత్తింది.

"ఇదేటే గుంటా?"

"నా పంటే మామ్మా. గేమ్. నేనే చేశాను."

మందిరంలో నవ్వులు. పాస్టరుగారు నవ్వలేదు. "టీచరమ్మా, ఇది..." అని లేవబోయారు. మామ్మ చెయ్యి ఎత్తి ఆపింది. "బుట్టలో ఎట్టింది. రుసి సూడాల మరి" అంది.

ఆమె వేలి పగుళ్ళకు తెర కదల్లేదు. మూడుసార్లు నొక్కింది. నేను నా వేలితో మొదలుపెట్టి ఇచ్చాను. తర్వాత జరిగింది నేను ఊహించలేదు. మా సండే స్కూలు పిల్లలు మొదటి మలుపులోనే గంప పడేస్తారు. మామ్మ ఫోనును రెండు చేతుల్తో పట్టుకుని, మెడ నిటారుగా పెట్టి, చిన్నగా అటూ ఇటూ ఊగుతూ రాళ్ళు దాటేసింది. జారుడు దాటింది. గెడ్డ దాటింది. నలభై ఏళ్ళు గంప మోసిన తల అది. పిల్లలు బల్లలెక్కి, "మామ్మా, ఎడం పక్క! ఎడం పక్క!" అని కేకలు.

"నోరుముయ్యండి ఎదవల్లారా, నాకు తెలీదేటి దారి!"

పెద్ద ఎక్కు ఎక్కి పైకి వచ్చింది. అక్కడ ఆగిపోయింది. ఆగగానే గంప పక్కకు జారి కింద పడింది.

మామ్మ నా వంక చూసింది. "గంప తోసేసిందేటే?"

"ఆగితే పడిపోద్ది మామ్మా. ఆగకుండా నడవాలి."

"ఎవలు సెప్పారు?"

నేనే ఆ రూలు పెట్టాను. నేను ఆడిన ఆటలన్నిట్లోనూ ఆగినవాడు ఓడిపోతాడు. అలా కాకుండా ఇంకోలా ఉండొచ్చని నాకు తోచనే లేదు.

"నువ్వు జీపులో తిరిగిన గుంటవి. నీకేటి తెలుసు. ఎక్కు పైన గుండెల ఎత్తు బండుండేది. ఇంకో మనిషి సాయం అక్కర్నేకుండా గంప దించుకుని, మళ్ళీ ఎత్తుకునే ఎత్తు. అక్కడ ఆగని ఆడది నేదు. నీలెక్కన నాను ఎన్నిసార్లు పడిపోవాలే?" అందరూ నవ్వారు. మామ్మ నవ్వలేదు. "ప్రబువు పేరు నాను మొదట ఇన్నది ఆ బండ దగ్గరే. పక్కూరి మనిషి గంప దించుకుని కళ్ళు మూసుకున్నాది. నిద్రేటి అనుకున్నాను. ఎవలితో మాటాడతన్నావే అనడిగాను."

భారం మోసేవాళ్ళారా రండి, విశ్రాంతి ఇస్తాను అని ప్రభువు పిలిచే మాటను నేను ప్రతి ఏడాదీ పిల్లల చేత కంఠతా పట్టిస్తాను. మూడేళ్ళు గంప మోయించే గేమ్ చేస్తూ, ఆ మాటకు చోటే పెట్టలేదు.

మామ్మ ఫోను తెచ్చి నా బుట్టలో పెట్టింది. "పండనేదు. పచ్చిగా ఉన్నాది. పండాక మళ్ళీ తే."

నెట్టేయలేదు, తీసుకోనూ లేదు. అయితే మా ఆచారంలో ఆ మాటకు అర్థం ఒక్కటే. పండని దాన్ని ఎవరూ పారెయ్యరు. మళ్ళీ తెమ్మన్నది తేకపోతే అదే తప్పు.

బయట నేను చెప్పులు వేసుకుంటుంటే పాస్టరుగారు దగ్గరికి వచ్చారు. "మళ్ళీ తెమ్మంది కదా. తేవాలి. కానీ పాఠం టైములో ఫోను బయటకి రాకూడదు."

"రాదండి."

"తల్లులతో నేను మాట్లాడతాను" అని, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగారు. "ఆ బండ దగ్గర పాయింట్లు పెడతారా?"

"పెట్టనండి."

"పెట్టకండి" అన్నారు.

ఆ బండ ఇప్పుడు లేదు, రోడ్డు వేసినప్పుడు పగలగొట్టారు. మామ్మ తన గుండెల మీద చెయ్యి పెట్టి ఎత్తు చూపిస్తే, ఆ కొలతతో తెర మీద గీశాను. గంప దించితే ఏమీ రాదు. గాలి వినిపిస్తుంది. కాసేపటికి అవతలి నుంచి ఇంకో మనిషి వచ్చి పక్కన గంప దించుకుంటుంది. అంతే. ఇలాంటి గేములు ఇంకా చేయాలని ఉంది. మా కొండల్లో ఆడదగ్గ దారులు చాలా ఉన్నాయి.

పోయిన ఆదివారం పాఠం అయ్యాక, మందిరం మెట్ల మీద ఒక పిల్లకు ఆడమని ఇచ్చాను. తొమ్మిదేళ్ళుంటాయి, ఒక్క చోట కుదురుగా కూర్చోదు. బండ దాకా వచ్చింది, గంప దించింది. ఇక కదలదే. మిగతా పిల్లలు, "బేగి, బేగి ఎల్లు" అని తొందరపెడుతున్నారు.

"ఏటి సేత్తన్నావే గుంటా?" అన్నాను.

"ఇంకో ఆవిడొచ్చింది టీచర్. ఆవిడ లేసాక ఎల్తాను."

కోతపండుగకు ఇంకా రెండు నెలలుంది.