ఫర్వాలేదు బావ రాసిన పేజీ

ఫర్వాలేదు బావకి ఒక్కటే జబ్బు. ఎదుటివాళ్లని "తప్పు" అని చచ్చినా అనలేడు. ఎవరైనా కాలు తొక్కితే, "ఫర్వాలేదండీ, నా కాలే కాస్త ముందుకొచ్చింది" అంటాడు. ఓసారి వీధి మలుపులో కరెంటు స్తంభాన్ని గుద్దుకుని, దానికీ ఫర్వాలేదని చెప్పి వచ్చాడు.

అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం ఏంటయ్యా అంటే, జనం తప్పులు పట్టుకోవడం. కంటాసుపత్రి వాళ్ల ఫారం ఫోన్లో నింపుతామా, అది ఆసుపత్రి దాకా పోకముందే, మన ఫోన్లోనే గడప దగ్గర నిలబెట్టి "ఇది ఖాళీ, అది తప్పు" అని చెప్పే చిన్న కోడు ఉంటుంది చూశారూ, స్క్రిప్టు అంటారు, అది రాయడం.

ఆఫీసులో ఆయన పైఅధికారి సొంత బావమరిదే. వయసులో చిన్న, హోదాలో పెద్ద. ఇంట్లో బావా అని పిలిచే మనిషిని ఆఫీసులో ఎలా కసరాలో తెలీక సతమతమయ్యేవాడు పాపం.

"బావా, ఏంటిది? ‘ఫోన్ నంబరులో ఒక అంకె తగ్గినట్టుంది. ఫర్వాలేదు, తొందరేం లేదు, కళ్లజోడు పెట్టుకుని ఇంకోసారి చూడండి.’ ఇది ఫారమా, చుట్టాల పలకరింపా?"

"మరేమనాలోయ్?"

"తప్పు అనాలి. రెండక్షరాలు. ఎర్రరంగులో."

"మొహం మీదే?"

"ఫోనుకి మొహమేంటి బావా?"

"ఫోనుకి అవతల ఉంటుందిగా."

"సోమవారానికి ఈ సోదంతా తీసెయ్."

"సరే" అన్నాడు బావ. ఆయన సరే అంటే ఏ అర్థమూ లేదు. కాదనడం ఎవరైనా ఎప్పుడైనా వింటేగా.

సోమవారం పొద్దున పదింటికి అదే పేజీలో ఆసుపత్రివాళ్లు శుక్లాల ఆపరేషన్లకి తేదీలిస్తున్నారు. గంటలో అయిపోతాయి. అందకపోతే మళ్లీ వచ్చే ఏడాదే. బావమరిది వాళ్లమ్మకి ఆ తేదీ కావాలి. ఆవిడ బట్టలు కుడుతుంది. ఈమధ్య సూదిలో దారం ఎక్కించడానికి కూతుర్ని పిలవాల్సొస్తోంది, అదేమో ఆవిడకి మహా నామోషీ. ఫారం నేను నింపుతానమ్మా అని కొడుకంటే, "నా కన్ను, నా ఫోను. నేనే నింపుకుంటా" అంది. ఇక అల్లుడి, అంటే మన బావ, సాయం మాట ఎత్తడానికి ఇంట్లో ఎవరికీ ధైర్యమే లేదు.

పదకొండు కావస్తుండగా అమ్మ ఫోను.

"ఒరేయ్, మధ్యలో నెట్ పోయిందిరా."

బావమరిది లేచి నిలబడిపోయాడు. "రాసిందంతా పోయిందా? మళ్లీ మొదట్నుంచా?"

"నన్ను చెప్పనిస్తావా? ‘కంగారు పడకండి, మీరు రాసిందంతా నా దగ్గర భద్రంగా ఉంది. నెట్ రాగానే నేనే పంపిస్తా, కాసిని మంచినీళ్లు తాగండి’ అందిరా ఆ పేజీ. తాగొచ్చేసరికి పంపేసింది. గురువారం రమ్మన్నారు."

బావమరిది కుర్చీలో కూలబడి ఊపిరి పీల్చుకున్నాడు.

"నంబరు మధ్యలో ఖాళీలు పెట్టానా, అదే సర్దుకుంది. ఊరి పేరు పైగడిలో రాస్తే, ‘ఫర్వాలేదు, ఇది కిందగడిలోది కదూ, దించేయనా?’ అని అడిగింది. నా అవస్థ పక్కన కూర్చుని చూసినట్టే ఉందిరా. మీ ఆఫీసులో అది రాసినాయనెవరో గానీ మహా మర్యాదస్తుడు. మా అల్లుడూ ఉన్నాడు, ఎప్పుడు చూసినా మొహానికి పేపరు అడ్డం."

ఆ పేపరు మాట వినగానే బావమరిదికి వెలిగింది. ఇన్నాళ్లూ ఇంట్లో హాల్లో అమ్మ ఫోను ముక్కుకి ఆనించుకుని ఒంటివేలితో పొడుస్తుంటే, ఎదురుగా బావ పేపరు చదువుతుండేవాడు. పేపరు తలకిందులుగా ఉందని అక్క నవ్వేది కూడా. ఆవిడ ఎక్కడ తడబడితే అక్కడో మాట రాసుకొచ్చాడన్నమాట మహానుభావుడు.

నేరుగా బావ బల్ల దగ్గరికెళ్లాడు.

"ఆ సోదంతా తీసెయ్యమన్నానా లేదా?"

"తీసేద్దామనే కూర్చున్నానోయ్. తీరా ‘తీసెయ్’ నొక్కితే ఆ పేజీయే, ‘ఇంత కష్టపడి రాసుకున్నారు, నిజంగా తీసేయమంటారా?’ అని అడిగింది. అంత మర్యాదగా అడిగితే అవునని ఎలా అంటాం?"

"అలా అడిగేలా రాసిందెవరు?"

"నేనే. అదేగా ఇబ్బంది."

బావమరిది నవ్వాపుకుని, అమ్మ అన్న మాటలన్నీ ఒప్పజెప్పాడు. అల్లుడి మొహానికి అడ్డమొచ్చే పేపరుతో సహా. "అది రాసింది నువ్వేనని చెప్పేద్దామా బావా?"

బావ చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"వద్దొద్దు. ఫర్వాలేదోయ్. నా పేపరే కాస్త పెద్దది."