నల్లబండలో ఆకుపచ్చ గడ్డ

పూతలపట్టు దగ్గర నల్లరాయి క్వారీలో నేను డ్రిల్లర్‌గా పనిచేసేవాణ్ణి. బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా చిత్తూరు లైబ్రరీలో ఆదివారాలు కూర్చుని సంపాదించుకున్నదే. భూగర్భశాస్త్రం అరలోని పుస్తకాలన్నీ రెండేసిసార్లు చదివానని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను.

అందుకే మందు పేల్చి విడగొట్టిన ఒక బండ పక్కభాగంలో ఇరుక్కుని పిడికిలికి రెండింతలున్న ఆకుపచ్చ గడ్డ కనబడగానే, అదేమిటో నాకు తెలిసిపోయింది. కరిగిన రాయి భూమి లోతుల్లోంచి ఎగదన్నుకొస్తూ దారిలోని గోడలను చీలుస్తుంది, పెరికిన ముక్కలను మింగి పైకి మోసుకొస్తుంది. ఇది అలాంటి ముక్క. అందులో ఎర్రటి గార్నెట్ స్ఫటికాలు, వాటి మధ్య ఆవగింజలో సగమంత నీలపు రేణువులు. ఆ నీలం గురించి ఏ పుస్తకంలోనూ లేదు.

ఉలి పెట్టి సగం గడ్డ పెకలించి, తిరుపతిలో భూగర్భశాస్త్రం చెప్పే ఒక మాస్టారికి ఇచ్చాను. కొన్ని వారాల తర్వాత ఆయన పిలిపించారు.

"కొత్త ఖనిజమే కావచ్చు. మూలకాల పాళ్లు తెలిసిన దేంతోనూ కలవడం లేదు. కానీ నువ్వు తెచ్చింది కోసి, అరగదీసి చూసేసరికే అయిపోయింది. స్ఫటికం లోపలి నిర్మాణం తేలాలి. రేపు ఎవరైనా అనుమానిస్తే చూసుకోవడానికి మ్యూజియంలో నమూనా ఉండాలి. లేకపోతే ఎవరూ ఒప్పుకోరు. మిగతా సగం ఏదీ?"

"ఆడనే, బండలోనే ఉండాది సార్."

"ఎవరినీ తాకనివ్వొద్దు."

బస్సు దిగి క్వారీలోకి పరుగెత్తేసరికి సుత్తి చప్పుడు వినిపించింది. కొడుతున్నది మా మేస్త్రీ, మా అక్క మొగుడే. బండెక్కి కూర్చుని గడ్డను ఉలితో పొడుస్తున్నాడు. ఆకుపచ్చ చిప్పలు ఎగిరి నా ముఖానికి తగిలాయి.

"ఆపు బావా!"

"వచ్చినాడప్పా సైంటిస్టు!" అని బావ పక్కవాళ్లను నవ్వించాడు. "దూరం పో. సాయంత్రానికి బండ లారీ ఎక్కాల."

"అది ప్రపంచంలో యాడా లేదు బావా."

"లేకుంటే పీడా పాయె."

మళ్లీ సుత్తి దిగింది. భుజం పట్టి లాగాను. రొమ్ము మీద తన్నాడు. వెల్లకిలా పడ్డాను, తల వెనక వెచ్చగా తడిసింది. లేచేటప్పుడు పక్కనున్న ఇంకో సుత్తి చేతికొచ్చింది. దాంతో బావ కుడి మణికట్టు మీద కొట్టాను. ఎండుకట్టె విరిగినట్టు వినబడింది. బావ ఎడమచేత్తో నా మెడ పట్టి ముఖాన్ని బండకేసి కొట్టాడు. పెదవి చీలింది, రెండు పళ్లు ఊడాయి. నలుగురు కలిసి విడదీశారు.

"ఆ బొక్క ఎవురు పెట్టింది రా?" బావ రొప్పుతూ అడిగాడు. "గడ్డ మాత్రమే అయితే ఆ పక్క కిందికి తిప్పి లోడు చేసుందును. నువ్వు బొక్క పెట్టినావు, పూడ్చాల్సిందే గదా. మంచిరాయి తగిలేదాకా తోడకపోతే జిగురు పట్టదు, నల్లపొడి నిలవదు. తెలీదా నీకి?"

తెలుసు. బొక్క పడ్డ బండలను కొనేవాళ్లకు కనబడకుండా జిగురులో నల్లరాతి పొడి కలిపి పూడ్చడం యార్డులో రోజూ చూసేదే. సగం పీకి, సగం భద్రంగా ఉంచాననుకున్నాను. ఆ సగం మీదికి ఉలిని రప్పించింది నేనే.

బావను ఆటోలో ఎక్కించి తీసుకెళ్లాక, మోకాళ్ల మీద కూర్చుని దుమ్ములోంచి చిప్పలు ఏరాను. నోటి నెత్తురు వాటి మీద కారింది. తిరుపతికి తీసుకెళ్తే మాస్టారు కడిగి ఒక్కొక్కటే మైక్రోస్కోపు కింద పెట్టారు. గోరంత చిప్ప ఒకదాంట్లో నాలుగు నీలపు రేణువులు బయటపడ్డాయి. ఒకటి పరీక్షకు, మూడు మ్యూజియానికి. చాలన్నారు. ఆసుపత్రిలో బావ బండమీంచి జారిపడ్డానని చెప్పాడట.

ఖనిజాలకు గుర్తింపునిచ్చే కమిటీ చాలా నెలలకు ఒప్పుకుంది. ఆ కాగితం పట్టుకుని అక్క ఇంటికి వెళ్లాను. బావ కుడిచేతి వేళ్లు ముడుచుకోవు. ఎడమచేత్తో అన్నం తింటున్నాడు.

"ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నారు బావా."

"సరే," అని మరో ముద్ద తీసుకున్నాడు. సగం కంచంలోనే రాలింది. అక్క నా చేతిలోని కాగితం తీసుకుని, మడత విప్పకుండానే తిరిగి ఇచ్చేసింది.

"ఇంక నువ్వు ఈడికి రావద్దు," అంది.