చేతి సామానులో ఒక మెత్త

2023 వానాకాలం. శంషాబాద్ విమానాశ్రయంలో ఒక విదేశీ విమాన సంస్థ చెక్-ఇన్ కౌంటర్‌లో నాకది తొమ్మిదో ఏడు. సామాను తూచడం, బోర్డింగ్ పాస్ ఇవ్వడం, లెక్కకు మించితే డబ్బు కట్టించుకోవడం నా పని. మా తాత మా ఊరి దొర, కోటలాంటి గడిలో కూర్చుని నాలుగు ఊళ్లకు తీర్పులు చెప్పినవాడు. భూములు పోయాయి, గడి కూలింది. నేను నిలబడి పని చేస్తాను, ఎవరి ముందూ వంగి మాత్రం చేయను. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే ఆ రోజు నేను చేసిన పొరపాటు అక్కడి నుంచే వచ్చింది.

ఆ ఉదయం వచ్చిన ప్రయాణికురాలు సాయమ్మ. యాభై ఐదేళ్లుంటాయి. సాతంరాయి మహిళా రైతుల సంఘం తరఫున బ్రెజిల్‌లో ఒక సభకు వెళుతోంది. తోడు వచ్చే ఆవిడ దుబాయిలో కలుస్తుందట. ఎండాకాలంలో ట్రాక్టర్ ట్రాలీ మీంచి పడి ఆమె వెన్ను చివరి ఎముక చిట్లింది. చంకలో గుండ్రటి మెత్త, నడుమ రంధ్రం, పాత చీర గుడ్డతో తనే కుట్టుకున్నది. దుబాయి దాకా నాలుగు గంటలు, అక్కడి నుంచి ఇంకో పదిహేను గంటలు ఆమె దాని మీదే కూర్చోవాలి.

కేబిన్ బ్యాగు, అంటే చేత్తో విమానంలోకి తీసుకెళ్లేది, ఆ టికెట్‌కు ఒక్కటే. భుజాన బట్టల సంచి ఉండనే ఉంది. మా సూపర్‌వైజర్ వెనక నుంచి చూసి, నాతో, "మేడమ్, ఆ దిండు రెండో బ్యాగు కింద లెక్క. ఛార్జ్ వేయండి, లేదంటే లగేజీలో పంపించేయమనండి" అన్నారు.

"విమానం కడుపుల ఏస్తే నేను దేని మీద కూసోవాలె సారూ? నీ తల మీదనా?" అంది సాయమ్మ. వెనక లైను నవ్వింది.

ఆయన పక్క కౌంటర్‌కు వెళ్లగానే నేను గొంతు తగ్గించాను. "పర్వాలేదమ్మా, నేను చూడనట్టు ఉంటాను. తీసుకుపో."

ఆమె నా బ్యాడ్జి మీద ఇంటిపేరు కూడబలుక్కుని చదివింది.

"గడోళ్ల బిడ్డవా? మా అవ్వగారిల్లు మీ ఊరే."

"అవును."

"మీ ఇంటి దయ మా నాయిన మస్తు చూసిండు, దొరసానీ. పండుగకు దయ, కడమ దినాలు వెట్టి. నాకొద్దు. రూలేందో చూపెట్టు."

నా చెవులు వేడెక్కాయి. "సాయం జేస్తుంటే మాటలంటవేంది?" అన్నాను. కౌంటర్‌లో ఎన్నడూ రాని ఊరి మాట నోట్లోంచి వచ్చేసింది.

"జర ఇను. ఈడ నువ్వు చూడనట్టుంటవ్. గేటు కాడ ఇంకోడు చూస్తడు. దుబాయిల ఇంకోడు చూస్తడు. ఆడ నీ మొఖం ఎవలికెరుక? గుంజుకుంటే పదిహేను గంటలు నిలవడి పోవాల్నా?"

కంప్యూటర్‌లో మాన్యువల్ తెరిచాను. సామాను నిబంధనల్లో చాలా కిందకు, నేను ఏనాడూ పూర్తిగా చదవని చోట ఉంది: వైద్య అవసరానికి వాడే వస్తువు, డాక్టరు రాసిన కాగితం ఉంటే, కేబిన్ బ్యాగు లెక్కలోకి రాదు.

"దవాఖాన కాగితం ఉందా?"

"గట్ల అడుగు," అంటూ సంచిలోంచి తీసింది.

ఆమె టికెట్ రికార్డులో రిమార్క్ వేశాను. రిమార్క్ అంటే దారి పొడవునా మా కౌంటర్లన్నిటిలో కనిపించే నోటు. ఆ నిబంధనను ముద్రించి, స్టాంపు వేసి, సంతకం పెట్టి చేతికిచ్చాను.

సూపర్‌వైజర్ తిరిగొచ్చారు. "ఎవర్ని అడిగి వేశారు? ఈ వారం ఎక్సెస్ సామాను వసూళ్లు అసలే తక్కువ."

"ఎవరినీ అడగలేదు. పేజీ ఇదిగో, చదవండి."

"ప్రయాణికుల ముందు ఇలా మాట్లాడితే మెమో ఇవ్వాల్సి వస్తుంది."

"ఇవ్వండి. జవాబుకు ఇదే పేజీ జతచేస్తాను."

ఇచ్చారు. జతచేశాను. క్షమాపణ రాయమని రెండుసార్లు అడిగారు, రాయలేదు. నెల రోజులు నన్ను కింద అరైవల్స్‌లో, బ్యాగులు పోయినవాళ్లు వచ్చి తిట్టే డెస్క్‌కు మార్చారు. తలెత్తుకునే వెళ్లాను.

పది రోజులకు సాయమ్మ ఆ దారినే తిరిగొచ్చింది, చంకలో మెత్తతో. "దుబాయిల ఆపిండ్రు. కాయిదం చూపెట్టిన. ఇగ మాట్లాడలే" అంది. థ్యాంక్స్ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదని అప్పటికి నాకూ తెలుసు.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇదే. జాలిపడి ఎవరినీ వదిలేయకండి. మన జాలి మన కౌంటర్ దాటి ఒక్క అడుగు కూడా నడవదు. వాళ్లకు హక్కుందేమో చివరి పేజీ దాకా వెతకండి. దొరికితే రాసి, కింద మీ పేరుతో సంతకం పెట్టండి. మెమో వస్తే రానివ్వండి.